పాత ఓఎస్, మా టైపు అక్క

అంగట్లో కంప్యూటరు ఓఎస్ మార్చల్లా వద్దా అని నేను ఏడాది దాకా కొట్లాడినా. కంప్యూటరుతో అయితే బాగుండు, అక్కతో కొట్లాడినా. కొట్లాట అంటే నేను అరిచేది, ఆమె గమ్మునుండేది. తర్వాత ఎవరడిగినా "అక్క కుప్పానికి తమ్ముని దగ్గరికి పోయింది" అని చెప్పి మాట మార్చేస్తా వచ్చినా. మా ఇంటాయనకు కూడా ఇంతకుమించి తెలవదు. ఇప్పుడు రాస్తా ఉండాను, ఎందుకంటే నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. నాకు టైపు నేర్పించిన మనిషి. మాది కురబలకోట పక్కన పల్లె. ఇంట్లో గొర్లు, రవంత మెట్టచేను. నేను ఇంటర్ తప్పినాక "గొర్ల ఎంబడి పోతావా, ఏమన్నా పని నేర్చుకుంటావా" అని నాయన అడిగితే, రోజూ బస్సెక్కి మదనపల్లె టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోతా ఉంటి. ఆడ తెలుగు టైపు నేర్పించేది ఆమె. అప్పటికి ఆమెకు ముప్పై దాటలేదు. చేతిలో స్కేలు ఉండేది. మిషను పక్క చూసినామా, ఆ స్కేలు వేళ్ళ మీద పడేది. "కండ్లు కాగితం మీద ఉండల్ల, వేళ్ళు మిషను మీద ఉండల్ల. ఆ రెండింటికీ మాటల్లేవు" అనేది. నేను తిన్నన్ని దెబ్బలు ఆ బ్యాచ్‌లో ఇంకెవరూ తినలేదు. తిరగబడి మాట్లాడిందీ నేనే. అయినా పరీక్ష రోజు నా పక్కన నిలబడి నా జడ సరిచేసి పంపించింది.

కంప్యూటర్లు వచ్చినాక ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నేను పెండ్లయి పుంగనూరుకు వచ్చినా, బస్టాండు దగ్గిర సందులో డీటీపీ అంగడి పెట్టినా. పెట్టిన నెలలోనే తెలిసిపాయ, నా చేతి టైపు పెండ్లి పత్రికలకు చాలదని. ఒక్కో పేజీకి పది తప్పులు. మదనపల్లెకు పోయి అక్కను అడిగినా. ఆమె రెండు చీరలు, ఒక ట్రంకు పెట్టె ఎత్తుకోని మర్నాడే బస్సు దిగింది. "గురువును పనికి పెట్టుకున్నావా, కలికాలం" అని మా అత్త దెప్పింది. "గురువేందమ్మా, జీతమిచ్చేది ఆ పాపే కదా" అని అక్కే నవ్వింది.

అంగడికి రెండు సందుల అవతల ఆమెకు ఒక గది చూసిపెట్టినా. ఆమె పెండ్లి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించింది, వాడు కుప్పంలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. నా దగ్గరికి రా అక్కా అని వాడు అడగతానే ఉండేవాడు, ఈమె పోయేది కాదు. "తమ్ముడు మంచోడే మే. కానీ ఒకరింట్లో కూసోని తినేదానికి, నా గదిలో నేను వండుకోని తినేదానికి తేడా లేదా?" అనేది. నన్ను పేరుతో కాక "మే" అనే పిలిచేది, మా పక్క ఆడపిల్లను చనువుగా పిలిచే మాట. ఆమెకు ప్రపంచంలో ఉండింది ఆ గది, ఆ కుర్చీ, ఆ పని. అంతే.

మా అంగట్లో ఒక పద్ధతి ఉండేది. పత్రిక కొట్టించుకునేదానికి వచ్చినోళ్ళు కాగితం ఇస్తే అక్క చేత్తో తాకేది కాదు. "నువ్వే చదువప్పా, నేను కొడతా" అనేది. వాళ్ళు చదవల్ల, ఈమె కొట్టల్ల. వాళ్ళ మాట ముగిసే లోపల ఈమె వేళ్ళు ముగించి ఎదురుచూస్తా ఉండేవి. చదువు రాని పెద్దోళ్ళయితే కాగితమే తెచ్చేవాళ్ళు కాదు. కుర్చీలో కూసోని కండ్లు మూసుకోని తాత పేరు, ఊరు, మండలం, లగ్నం, విందు యాడ, అన్నీ వరసబెట్టి చెప్పేవాళ్ళు. పలమనేరు అవతల నుంచి వచ్చినోళ్ళ తెలుగులో సగం అరవం కలిసుంటాది, అదీ సర్దుకోని కొట్టేది. అంతా అయినాక మొదటినుంచి కడాకు ఒకతూరి నోటితో అప్పజెప్పేది. వాళ్ళు ఊకొడతా వినేవాళ్ళు. సొంత పేర్లు ఆమె నోట్లో వింటే వాళ్ళకు ఎంత సంబరమో. ఒక పెద్దాయన అయితే "ఇంకొకతూరి చెప్పమ్మా" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఈ పద్ధతి మొదటినుంచీ లేదు. నాలుగైదేండ్ల కింద మొదలుపెట్టింది. వయసు పైబడేకొద్దీ ఈమెకు దర్జా ఎక్కువైంది అనుకున్నా నేను. "ఏందక్కా, మహారాణివా? లోకమంతా నీకు చదివి వినిపించల్లనా?" అని ఎగతాళి చేసినా. "ఎవురి పేరు వాండ్ల నోట్లో నుంచి వస్తేనే తప్పు పోదు మే" అనింది. నిజమే కదా, నిజంగానే తప్పులు పోయేవి కావు. ఇంక నాకు అనుమానం ఎట్ల వస్తాది?

మాటర్ కొట్టేంతవరకే అక్క పని. బార్డరు, రంగులు, వినాయకుని బొమ్మ, అవన్నీ నా పని. ఆమె కొట్టిన మాటర్ ఎత్తి బొమ్మల మధ్యలో పెట్టేసి ప్రింటు కొట్టేదాన్ని. ఇన్నేండ్లలో ఆమె కొట్టినదాన్ని ఒకతూరన్నా చదివిన పాపాన పోలేదు నేను.

ఆ కంప్యూటరు ఓఎస్, అంటే దాన్ని నడిపించే అసలు ప్రోగ్రాం, పాతది. దాంట్లో అక్క టైపు ప్రోగ్రాం కూడా అంతే పాతది. టైపు మిషను మీద ఏ అక్షరం యాడుండేదో దీంట్లోనూ ఆడే ఉంటాది. అది కాక, మాటిమాటికీ వచ్చే ముక్కలకు అక్క సొంతంగా బటన్లు పెట్టుకునింది. ఒకటి నొక్కితే "శ్రీమతి & శ్రీ" అని పడేది. ఇంకొకటి నొక్కితే "కీ.శే." అని, చనిపోయినోళ్ళ పేరు ముందర పెట్టేది. ఇంకొకటి "చి.ల.సౌ." ఇట్ల ఇరవై దాకా ఉండేవి. పత్రికకు సగం పని ఆ బటన్లే చేసేవి.

కాలం మారిపాయ. జనం పత్రిక మాటర్‌ను ఫోన్లో పంపించేది మొదలుపెట్టిరి. మా పాత ప్రోగ్రాంలో అది తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనపడేవి. కొత్త ప్రింటరు తెస్తే ఆ ఓఎస్ దాన్ని గుర్తుపట్టలేదు. సర్టిఫికెట్లకు, పెన్షన్లకు, హాల్ టికెట్లకు వచ్చేవాళ్ళు ఎక్కువైరి, ఆ వెబ్‌సైట్లు మా దాంట్లో తెరుచుకునేవే కావు. నేను ఫోన్లో ఒక కన్ను, గిరాకీ మొగం మీద ఒక కన్ను పెట్టుకోని ఉడికిపోతా ఉంటి.

మదనపల్లెలో సిస్టం రిపేరు చేసే ఆయప్ప వచ్చి చూసినాడు. "ఓఎస్ మార్చక తప్పదమ్మా. మారిస్తే ఈ పాత టైపు ప్రోగ్రాం పనిచేయదు. కొత్తది ఏస్తా. దాంట్లోనూ టైపు మిషను వరసే ఉంటాది, కొన్ని అక్షరాలు మాత్రం అటూ ఇటూ జరిగినాయి. నాలుగు నాళ్ళు తెర సూసుకోని కొడితే అదే అలవాటైతాది" అన్నాడు.

అక్క కుర్చీ తిప్పకుండానే అనింది, "ఇప్పుడు పెండ్లిండ్ల కాలం మే. ఆషాడంలో మార్చుకుందాం."

ఆషాడం వచ్చింది. "శ్రావణానికి పత్రికలు వస్తాండాయి, ఇప్పుడు కెలికితే ఎట్ల?" అనింది. శ్రావణం పోయింది. "దసరా పోనీ" అనింది. దసరా పోయి కార్తీకమూ పోయింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈమెకు నేర్చుకునేదానికి బద్దకం, పైకి ముహూర్తాల సాకు అని నా లెక్క. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అట్లాంటిదే అనుకున్నా. మొగం మీదనే అన్నా కూడా.

ఒకరోజు మా కురబలకోట మనిషే, నాకు దూరపు చుట్టం, కొడుకు పెండ్లి పత్రిక కోసరం వచ్చినాడు. మాటరంతా ఫోన్లో ఉండాది. నేను తెరిస్తే డబ్బాలు. "చదువన్నా, అక్క కొడతాది" అన్నా. "నాకు బస్సుకు టైమైంది పాపా, మదనపల్లెలో అయితే ఫోన్లో నుంచి అట్లే ఏసేస్తారంట" అని ఎళ్ళిపోయినాడు. ఎళ్ళిపోయేవాణ్ణి చూస్తా నిలబడినా. గిరాకీ పోయినందుకు కాదు, సొంతూరోడి ముందర నా అంగడి ఎందుకూ పనికిరానిదైపోయిందే అని. అక్క మీద పడినా.

"నీ ఒక్కదాని కోసరం అంగడి మొత్తం ఎనకబడి ఉండల్లనా? యాల ఉండల్ల? నీ పది వేళ్ళకు నేర్చుకునేదానికి అంత నొప్పి ఉంటే చెప్పు, ఇంకొకర్ని పెట్టుకుంటా."

ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద అట్లే ఉండాయి. "మార్చుకో మే. నేను నేర్చుకుంటా" అనింది.

అరిచినాక నా మొగం చిన్నబోతాది. తప్పయింది అని నోటితో చెప్పే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. మొగం చూసినోళ్ళకు తెలిసిపోతాది, అంతటితో సరి అని బతికినా. ఆ రోజూ అట్లే చిన్నబోయిన మొగంతో ఆమె పక్కన టీ గ్లాసు పెట్టినా. అదే క్షమాపణ అనుకున్నా.

రిపేరు ఆయప్ప మర్నాడే వచ్చినాడు. అక్క వంక చూసి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు, "అమ్మా, ఈ పాతదాన్ని ఇట్లే మూలకు పెట్టి అక్కకు ఇడిచిపెట్టేయండి. కొత్త పనులకు ఇంకొకటి తెచ్చుకోండి. ఇంటర్నెట్ పెట్టకుంటే ఇది ఇంకా నాలుగేండ్లు నడస్తాది." బంగారంలాంటి మాట. నేను వినలేదు. "ఒక అంగట్లో రెండు పొయ్యిలు వద్దులేప్పా. అందరూ నేర్చుకుంటాండారు, ఈమెకేమి?" అన్నా. ఆయన పాత డిస్కు ఊడబెరికి, కొత్తది బిగించి, పాతదాన్ని ఒక కవర్లో చుట్టి నా చేతికిచ్చి దాపెట్టుకోమన్నాడు.

తర్వాత మూడు వారాలు అక్క నాకంటే ముందే అంగటికి వచ్చి కూసోనేది. నేను పోయేటప్పటికి కొడతా ఉండేది. "ఈ వత్తు యాడ పెట్టినారు మే?" అని అడిగేది. "తెర మీద చూడక్కా, కనపడతా ఉంది కదా!" అని అరిచేదాన్ని. ఆమె ఒక అక్షరం కొట్టి, "ఇప్పుడేం పడింది?" అని మెల్లగా అడిగేది. నేను విసుక్కుంటా చెప్పేదాన్ని. పత్రికల్లో తప్పులు వస్తా ఉంటే నేనే దిద్దినా, దిద్దినన్నిసార్లూ గొణిగినా. మెల్లమెల్లగా తప్పులు తగ్గినాయి. నాలుగో వారానికి ఒక్క తప్పు లేకుండా వచ్చినాయి. చూసినావా, నేర్చుకుంటే వస్తాది కదా అని నాకు గర్వం కూడా వచ్చింది. మళ్ళీ పాతట్లే చదవకుండా ప్రింటు కొట్టేది మొదలుపెట్టినా.

అప్పుడు ఆమె అడిగింది, "ఆ బటన్లు కూడా పెట్టిపెట్టు మే. 'శ్రీమతి & శ్రీ' ఒక్కటే వందతూర్లు కొట్టల్ల." ఎదురుగా పెన్షన్ వాళ్ళు నిలబడుకోని ఉండారు. నేను బిన్నా బిన్నా, ఆత్రంగా ఆ ఇరవై ముక్కలూ ఎక్కించేసినా. "పెట్టినా, పాతవి యాడుండేవో ఆడే ఉండాయి" అని చెప్పినా. ఉండాయో లేదో నేను చూడలేదు. రెండు తారుమారైనాయి.

ఆ పూటే గంగవరం పక్కన పల్లెనుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. ఆవులు పెట్టుకోని పాలు పోసి బతికే మనిషి, ముగ్గురు కొడుకులైనాక లేకలేక పుట్టిన కూతురు, ఆ పాప పెండ్లి. కాగితం లేదు. కండ్లు మూసుకోని చెప్పినాడు, అక్క కొట్టింది. కొట్టి, మొత్తం అప్పజెప్పింది. ఆయన మొగం వెలిగిపోయింది. నేను ప్రూఫ్ తీసి ఇచ్చి "సరిగా ఉందా చూసుకోని సంతకం పెట్టు నాయనా" అంటే, "ఆయమ్మ కొట్టినాక సూసేదేముండాది" అని ఏలిముద్ర ఏసినాడు. నేనూ చూడలేదు.

మా పక్క ఒక ఆచారం ఉండాది. పత్రికలు ఇంటికి పోతానే మొదటి పత్రికకు నాలుగు మూలలా పసుపు పెట్టి ఇంటి దేవుని ముందర పెడతారు. ఇంటిల్లిపాదీ కూసుంటే ఒకరు దాన్ని పైకి చదువుతారు. దేవునికి చెప్పినట్లు. ఆ ఇంట్లో పెద్ద కొడుకు చదివినాడంట. పెండ్లికూతురు తాత అవ్వ, ఎప్పుడో కాలమైనోళ్ళు, వాళ్ళ పేర్ల ముందర "శ్రీమతి & శ్రీ" అని ఉండాది. అమ్మానాయన పేర్ల ముందర "కీ.శే." అని ఉండాది. దేవుని ముందర, పసుపు పెట్టిన పత్రికలో, ఎదురుగా కూసున్న అమ్మానాయన సచ్చిపోయినట్లు చదివినాడు ఆ కొడుకు. ఆ తల్లి అట్లే కూలబడిందంట.

మర్నాడు పొద్దున పత్రికల మూట ఎత్తుకోని కొడుకులు ముగ్గురూ అంగట్లోకి వచ్చిరి. ఎనకాలే ఆ పెద్దాయన. నేను పత్రిక చూసి చల్లబడిపోయినా. బతికినోళ్ళను సంపి, సచ్చినోళ్ళను లేపి పెట్టినాం. ఆ కొడుకుల అరుపులకు సందులో జనం మూగినారు. "మా అమ్మ రాత్రి నుంచి నీళ్ళు ముట్టలేదు, తెలుసునా మీకు?" అని పెద్దోడు బల్ల మీద గుద్దినాడు.

ఆ మాటకు నేను చేయాల్సిందేమి? నా అంగడి, నా తప్పు అనల్ల. నేనేం చేసినానంటే, పత్రిక ఎత్తి అక్క చేతిలో పెట్టినా. "చదువు. నువ్వే చదువు, అందరి ముందరా. ఏం కొట్టినావో నీ నోటితోనే చెప్పు."

అక్క లేచి నిలబడింది. పత్రికను రెండు చేతులా పట్టుకునింది. చదివింది. మొదటినుంచి, ఒక్క మాట తప్పకుండా, తడబడకుండా. తాత అవ్వల పేర్ల ముందర కీర్తిశేషులు అని చదివింది. అమ్మానాయన పేర్ల ముందర శ్రీమతి, శ్రీ అని చదివింది. లగ్నం, ఊరు, విందు, అన్నీ ఆ పెద్దాయన కండ్లు మూసుకోని ఎట్ల చెప్పినాడో అట్లే చదివింది. చదివి, "అంతా సరిగానే ఉండాది కదప్పా" అనింది.

ఆమె చేతిలో ఉన్న పత్రికలో అట్ల లేదు.

అందరికంటే ముందు ఆ పెద్దాయనకే అర్థమైంది. ముందరికి వచ్చి ఆమె చేతిలోంచి పత్రిక మెల్లగా తీసుకున్నాడు. "నేను బతికే ఉండా కదమ్మా, నా గొంతు వినపడతానే ఉండాది కదా. ఏం కాలేదులే" అన్నాడు. కొడుకుల వంక తిరిగి "రేయ్, గమ్మునుండండిరా. ఈయమ్మకు సూపు లేదు" అన్నాడు. ఆ మూట ఆయనే భుజానికెత్తుకోని సందు దాటి పోయినాడు. పత్రికలు మళ్ళీ కొట్టించి సాయంత్రానికి నేనే వాళ్ళ పల్లెకు పోయి ఇచ్చి వచ్చినా. ఆ తల్లి కాళ్ళు పట్టుకోబోతే వద్దని పక్కకు జరిగింది.

అయితే అది తర్వాత. ఆ పొద్దు జనం పోయినాక అంగట్లో మేమిద్దరమే మిగిలినాం. అక్క కూసోని కీబోర్డు మీద గుడ్డ కప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నా.

"ఒక కన్ను పోయి ఆరేండ్లు. ఇంకొకటి తర్వాత మెల్లగా. చక్కెర జబ్బు మే, నేను పట్టించుకోలేదు. కుప్పంలో ఆస్పత్రికి తమ్ముడు తీసకపోయినాడు, ఇంక లాభం లేదన్యారు. ఎలుతురు తెలస్తాది. మనుషులు నీడల మాదిరి కనపడతారు."

"నాకు చెప్పకూడదా?"

"చెప్తే నన్ను కుర్చీలో కూసోబెట్టి నువ్వు కొట్టేదానివి. నాకు తెలుసు కదా నీ సంగతి. అరస్తావు గానీ ఇడిచిపెట్టవు. నాకది వద్దు మే." కీబోర్డు మీద గుడ్డ సర్దుకుంటా, "పాత దాంట్లో నాకు కండ్లతో పని పడలేదు" అనింది.

నేను ఏం చెప్పినానో నాకే గుర్తులేదు. ఏడ్చినా. మర్నాడు పొద్దున ఆమె గదికి పోతే తాళం ఏసి ఉండాది. మొదటి బస్సుకే తమ్ముడు వచ్చి పిల్చుకోని పోయినాడని పక్కింటామె చెప్పింది.

చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లు, రిపేరు ఆయప్పకు ఫోన్ చేసినా. ఆయన వచ్చి, పాత డిస్కు బిగించి, మిషను ఆన్ చేసినాడు. ఆ పాత ఓఎస్ ఎప్పటిమాదిరే లేచి కూసుండింది. ప్రోగ్రాం తెరిచినాడు. ఒక్కొక్క బటనూ నేను నొక్కి చూసినా. అన్నీ సరిగ్గా యాడివి ఆడనే ఉండాయి. ఒక గంట పని. ఇంత సులభంగా ఎనక్కు వస్తాదని ముందే తెలిసుంటే అనుకున్నా. తెలుసు కదా, ఆయప్ప చెప్పినాడు కదా, నేనే కదా వినలేదు.

మర్నాడు పలమనేరు మీదుగా కుప్పం పోయినా. దారిపొడుగునా ఏమేం చెప్పల్లో వరస పెట్టుకుంటా ఉంటి. వాళ్ళ తమ్ముని ఇంట్లో ముందర గదిలో, చాప మీద కూసోని అక్క చింతపండు గింజలు తీస్తా ఉండాది. ఒక పక్క పండు, ఒక పక్క గింజలు.

"ఎవురు?" అనింది.

"నేనక్కా."

"నువ్వా మే. కూసో. తిన్నావా?"

చాప మీద ఆమె ఎదురుగా కూసుంటి. దారిలో పెట్టుకున్న వరసంతా పోయింది. "పాతది మళ్ళీ ఏయించినానక్కా. కొత్తది తీసేసినా. అన్నీ నేను కొట్టి చూసినా, ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. రా, పోదాం. పొద్దున నేను పిల్చకపోతా, సాయంత్రం నేను దిగబెడతా. ఎవరికీ చెప్పను. మునపటి మాదిరే వాళ్ళు చదువుతారు, నువ్వు కొట్టు."

చింతపండులో ఆమె వేళ్ళు ఆగినాయి. "అన్నీ ఉండాయా?" అనింది.

"అన్నీ ఉండాయి."

రవంతసేపు ఆమె మొగంలో ఆశ కనపడింది నాకు. నేను లేచేదానికి సిద్ధమైనా కూడా. మళ్ళీ వేళ్ళు కదిలినాయి.

"వద్దులే మే."

"యాల అక్కా?"

"నీకు తెలవనంత కాలం నా వేళ్ళ మీద నాకు నమ్మకముండె. ఇప్పుడు నేను కొట్టే ప్రతి అక్షరం నువ్వు ఎనక నిలబడి సూస్తావు. సూడను అంటావు, నాకు తెలుసు. సూడకపోయినా, సూస్తాండావనే అనిపిస్తాది నాకు. భయంతో నేను కొట్టలేను మే. ఈ వయసులో నావల్ల కాదు."

"నేను అరిచినందుకే కదా నువ్వు రానంటాండేది? నిజం చెప్పక్కా."

ఆమె నవ్వింది. "నువ్వు అరిచేది నాకు కొత్తా?" అనింది. గింజలను ఒక పక్కకు నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకునింది. తర్వాత ఆలోచించుకుంటా చెప్పింది.

"నీ మొగం నాకు ఐదేండ్ల నాటిదే తెలుసు మే. ఆ తర్వాతంతా నువ్వంటే నాకు నీ గొంతే. పొద్దన్నుంచి సాయంత్రం దాకా అదే. మునుపు నువ్వు అరిచినాక నీ మొగం సూసేదాన్ని. పాపం, చిన్నబుచ్చుకునింది, పోనీలే అనుకునేదాన్ని. ఇప్పుడు అరుపు ఒక్కటే వినపడతాది. దాని తర్వాత ఏమీ లేదు. నువ్వు తలకాయ దించుకున్నావో, నా మీద కోపంగానే ఉండావో నాకేం తెలుస్తాది?"

దెప్పినట్లు చెప్పలేదు. ఉన్నదున్నట్లు చెప్పింది. ఐదేండ్లు. పూటకొకతూరి అరిచింటా. ఒక్కతూరన్నా తప్పయింది అక్కా అని నోటితో అనలేదు. ఆ టీ గ్లాసును, చిన్నబోయిన ఆ మొగాన్ని నమ్ముకోని ఉంటి. అవి ఏవీ ఆమెకు చేరలేదు. ఆమెకు చేరింది అరుపు ఒక్కటే.

ఇప్పుడన్నా చెప్పల్ల అనుకున్నా. నోరు తెరిచినా. ఆ ఒక్క మాట బయటికి రాలేదు. కండ్లనీళ్ళు కారిపోతా ఉండాయి, తుడుచుకోను కూడా లేదు. ఎదురుగానే, మూరెడు దూరంలో ఆమె మొగం నావైపే పెట్టుకోని ఉండాది.

ఆమె చెయ్యి చాచింది. చాప మీద తడుముకుంటా ఆ చెయ్యి నేను కూసున్న పక్కకు వచ్చి, నాకు తగలకముందే ఆగింది.

"ఉండావా మే?" అనింది. "పోయినావా?"